అనసూయమ్మ దుకాణానికి వచ్చే ఫోను

సినిమాలో అత్తగారు కోడల్ని ఝాడించే సీను వస్తే, తెర మీద ఉన్న నటి ఎవరైనా, ఆ ఝాడించే గొంతు చాలాసార్లు మంజులతది. తెనాలి దగ్గర నాటకాల వాళ్ళింట్లో పుట్టిన మనిషి. పెళ్ళయ్యాక భర్త సుబ్బరామయ్యతో మద్రాసు వెళ్ళింది. ఆయన మేకప్ అసిస్టెంటు. ఈవిడకు డబ్బింగ్ థియేటర్లలో పని దొరికింది. మద్రాసులో ఉన్నన్నాళ్ళూ బియ్యానికీ బట్టకూ ఇబ్బంది పడలేదు.

సినిమా వాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదుకు తరలి వచ్చేస్తుంటే వీళ్ళూ మూటాముల్లె సర్దుకుని వచ్చారు. షేక్‌పేటలో రెండు గదుల వాటా తీసుకున్నారు. ఫిలింనగర్‌కు నడిచి వెళ్ళేంత దూరం. వచ్చిన కొత్తలో బాగానే ఉంది. తర్వాత సుబ్బరామయ్యకు ఆయాసం పట్టుకుంది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్ళి మందులు తెచ్చుకోవడం, నాలుగు రోజులు బాగుండడం, మళ్ళీ వెళ్ళడం. ఆయన పని ఆగిపోయింది. అదే సమయానికి మంజులత పని కూడా సన్నగిల్లింది. అత్తగారి వేషాలు వేసే నటీమణులు తమ గొంతు తామే చెప్పుకుంటామన్నారు. చిన్న వయసు గొంతులకు కొత్త అమ్మాయిలు వచ్చారు. ఇక మిగిలింది గ్రూపు. అంటే ఊరి జనం కేకలూ, పెళ్ళివారి మాటలూ, చావింటి ఏడుపులూ నలుగురైదుగురు ఒక్క మైకు ముందు నిలబడి చెప్పడం.

భూలక్ష్మి ఆవిడకు పరిచయమైంది ఆ గ్రూపులోనే. హైదరాబాదు పిల్లే. మోతీనగర్‌లో ఉంటుంది. ఆమె భర్త సినిమాల్లో లైట్‌మన్, షూటింగు లేని రోజుల్లో ఆటో నడిపేవాడు. అతనే ఎవరినో అడిగి ఆమెను గ్రూపులో చేర్పించాడు. మొదటిరోజు చావింటి సీనుకు నిజంగానే గుండెలు బాదుకుని ఏడ్చి, మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుంది. మంజులత ఆమెను బయటికి తీసుకెళ్ళి, వేడినీళ్ళు తాగించి, గొంతు నొప్పి పుట్టకుండా కడుపులోంచి ఏడవడం ఎలాగో నేర్పింది. అప్పటినుంచీ భూలక్ష్మికి ఆవిడ మంజులక్క. మైకు ముందు ఎప్పుడూ ఆవిడ పక్కనే నిలబడేది.

తొంభై నాలుగులో ఒకనాడు ఒక చిన్న నిర్మాతతో పాటు అచ్యుతరామయ్య అనే ఆయన డబ్బింగ్ చూడడానికి వచ్చాడు. జూబ్లీహిల్స్‌లో మేడ మీద ఆయనకో ఫైనాన్స్ కంపెనీ ఉంది. నుదుట విభూతి, తెల్లచొక్కా, ఎవరినైనా అండీ అని పిలిచే మనిషి. ఆరోజు మంజులత ఒక అత్తగారికి గొంతు చెబుతోంది. అంతా అయ్యాక ఆయన దగ్గరకు వచ్చాడు.

"మీ గొంతులో ఒక అధికారం ఉందండీ. తిట్టకుండానే తిట్టినట్టు ఉంటుంది. మా ఆఫీసులో ఫోన్ల మీద మాట్లాడే మనిషి కావాలి. నెలజీతం. వస్తారా?"

నెలజీతం అనే మాట మంజులత ఇంట్లో ఎన్నడూ వినబడలేదు. వెళ్ళింది.

ఆ కంపెనీ ఆటోలకూ, స్కూటర్లకూ, టీవీలకూ వాయిదాల మీద అప్పులిచ్చేది. కట్టనివాళ్ళకు ఫోన్ చేసి అడగడం మంజులత పని. అప్పు తీసుకున్నవాళ్ళలో సగం మందికి ఇంట్లో ఫోన్ ఉండేది కాదు. కాగితాల్లో పక్కింటి నంబరో, వీధిలో దుకాణం నంబరో రాసి ఇచ్చేవారు. అదే తమకు మంచిదని అచ్యుతరామయ్య మొదటిరోజే చెప్పాడు.

"ఇంట్లో ఫోన్ ఉన్నవాడు తీసి పక్కన పెట్టేస్తాడండీ. పక్కింటికి చేస్తే రాక తప్పదు. వచ్చాక వాళ్ళ ముందు మాట్లాడాలి. మీరు గట్టిగా అనక్కర్లేదు. మర్యాదగా అడగండి చాలు."

మర్యాదగా ఎలా అడగాలో మంజులత తనే తయారు చేసుకుంది. పాత్రకు తగ్గ గొంతు పట్టుకున్నట్టే దీనికీ ఒకటి పట్టుకుంది. తన గొంతు కంటే కాస్త కింది శ్రుతిలో, నిదానంగా, బాగా చదువుకున్న పెద్దింటి ఆవిడ మాట్లాడినట్టు ఉండేది. 'భోజనం అయిందా అండీ' అని మొదలుపెట్టేది. అయిందంటే, 'మంచిది, మా డబ్బుతో భోంచేసినవాళ్ళు మాకూ ఒక మాట చెప్పాలి కదండీ' అనేది. 'అక్కడ ఎవరెవరు ఉన్నారు? వాళ్ళకు కూడా వినబడేలా చెప్పమంటారా?' అనేది. అవతలివాళ్ళు మాట్లాడకుండా ఉండిపోతే ఆపకూడదని, లొంగిపోయే ముందు మనుషులు అలాగే ఊరుకుంటారని ఆవిడ కనిపెట్టింది. డబ్బు రావడం మొదలైంది. అచ్యుతరామయ్య ఆవిడకు ఫ్యాను కింద కుర్చీ వేయించాడు. షేక్‌పేటలోనే ఉండే, ఇంటర్ చదివిన పుష్పవల్లి అనే అమ్మాయిని తెచ్చి, 'ఈ అమ్మాయికి మీ పద్ధతి నేర్పండి' అన్నాడు. మంజులత నేర్పింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మాట సాగదీయాలో, థియేటర్లో నేర్పినంత శ్రద్ధగా నేర్పింది. అప్పటికి ఆవిడకు ఇందులో తప్పేమీ కనబడలేదు. అప్పు తీసుకున్నవాళ్ళు కట్టాలి. తను అడుగుతోంది. అంతే. ఇంట్లో మాత్రం సుబ్బరామయ్యతో, ఆఫీసులో ఫోన్లు చూసుకునే పని అని చెప్పింది. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం మోతీనగర్‌లో ఒక కిరాణా దుకాణానికి ఫోన్ చేసింది. శనివారం కూలిడబ్బులు చేతికొస్తాయి, దుకాణాల్లో జనం ఉంటారు. అందుకని అలాంటి నంబర్లన్నీ ఆ రోజుకే పెట్టుకునేది. జంగయ్య అని, ఆటో అప్పు. పనిలో నిచ్చెన మీంచి పడి కాలు విరిగి వాయిదాలు ఆపేశాడు. కంపెనీవాళ్ళు ఆటో పట్టుకొచ్చి అమ్మేశారు. అమ్మగా వచ్చింది పోను ఇంకా బాకీ ఉందని కాగితం చెబుతోంది.

దుకాణం ఆవిడ ఎవరో ఫోన్ ఎత్తి, "జంగయ్య నడువలేడమ్మా. ఆయన పెండ్లాన్ని పిలుస్త, ఉండు" అంది.

కాసేపటికి ఒక ఆడమనిషి వచ్చి ఆయాసపడుతూ, "హలో, ఎవరు?" అంది.

ఆ రెండు మాటలకే అది భూలక్ష్మి అని మంజులతకు తెలిసిపోయింది. గొంతులు గుర్తుపట్టడం ఆవిడ వృత్తి. భూలక్ష్మి భర్త పేరు జంగయ్య అని మాత్రం అంతవరకూ తెలియదు. ఎప్పుడూ 'మా ఆయన' అనేదే తప్ప పేరు చెప్పేది కాదు. కాగితం కింద హామీ సంతకం కూడా భూలక్ష్మిదే, అంతకుముందు చూసుకోలేదు. ఈమధ్య గ్రూపుకు ఎందుకు రావడం లేదో కూడా ఆ క్షణంలోనే అర్థమైంది.

అప్పుడు ఫోన్ పెట్టేయవచ్చు. రాంగ్ నంబర్ అనవచ్చు. అచ్యుతరామయ్య వెనక బల్ల దగ్గర నిలబడి ఏవో కాగితాలు చూస్తున్నాడు. పుష్పవల్లి పక్కనే కూర్చుని, ఎప్పటిలాగే నేర్చుకోవడానికి చెవులు రిక్కించి ఉంది. మంజులత గొంతు ఇంకాస్త కిందికి దించింది. ముక్కుతో మాట్లాడినట్టు కొద్దిగా మార్చింది.

"భూలక్ష్మిగారా? భోజనం అయిందా అండీ?" అంది.

ఆరోజు చెప్పవలసినవన్నీ చెప్పింది. ఒక్కటీ వదలలేదు. అవతల భూలక్ష్మి, "బండి మీరే కొంచవోయిన్రు కదమ్మా" అని ఒక్కసారి అని, తర్వాత ఆఁ, ఊఁ అనడం మినహా నోరు విప్పలేదు. దుకాణంలో ఎవరో పంచదార అడుగుతున్నారు. చిల్లర పళ్ళెంలో పడిన చప్పుడు వినబడింది. ఫోన్ పెట్టేశాక పుష్పవల్లి, "ఈసారి గొంతు వేరేగా పెట్టారేంటక్కా? ఇంకా బాగుంది" అంది.

ఇంటికి వెళ్ళి అన్నం కలుపుకుని, తినలేక మూత పెట్టేసింది. సుబ్బరామయ్య అడిగితే తలనొప్పి అని చెప్పింది. తను కాకపోతే ఇంకెవరైనా చేసేవారు, వాళ్ళు ఇంకా మోటుగా మాట్లాడేవారు అని తనకు తాను చెప్పుకుంది. తర్వాతి శనివారం మళ్ళీ చేసింది. ఆ తర్వాతి శనివారం కూడా చేసింది. ఆ నంబరు తిప్పేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కూర్చునేది.

ఒక ఆదివారం థియేటర్లో గ్రూపు పడింది. ఆదివారాలు మంజులత ఇంకా వెళ్తూనే ఉంది. భూలక్ష్మి వచ్చింది. మనిషి సగమైంది. మధ్యలో టీ ఇచ్చినప్పుడు మెట్ల మీద పక్కన కూర్చుని తనే మొదలుపెట్టింది.

"అక్కా, నీకొక ముచ్చట చెప్తె ఎవ్వరికి అనవు గదా."

"చెప్పు."

"మా బండి బాకీ గురించి దుకాణానికి ఫోన్ చేస్తున్నరు. ఎవరో ఆడామె. తిట్టది అక్కా. తిట్టినా మంచిగుండు. అన్నం తిన్నవా అని అడుగుతది. అనసూయమ్మ మంచిదే, ఏమనది. గని సామానుకు వచ్చినోళ్ళందరు నా దిక్కే చూస్తరు. ఇప్పుడు ఉప్పు కావాల్నన్నా వేరే గల్లీకి పోతున్న."

మంజులత గ్లాసులో టీ వైపే చూస్తూ కూర్చుంది.

"నాకు మాటలు రావక్కా. ఆమె మాట్లాడుతుంటె నోరు ఎండుకపోతది. నీకు వస్తయి. పెద్ద పెద్దోళ్ళకు గొంతు చెప్పినదానివి. ఒక్క శనివారం మా ఇంటికి రా. ఫోన్ వస్తె నువ్వు తీస్కో. బండి పట్టుకపోయి ఇంకా ఏందని నువ్వొక్కసారి అడిగితె, ఆమె మళ్ళ చెయ్యది."

కాదనడానికి ఏ సాకూ దొరకలేదు. పని ఉందంటే ఏం పనని అడుగుతుంది. సరేనంది. ఆ సరే అనేటప్పుడు ఆవిడ మనసులో ఒక లెక్క ఉంది. ఫోన్ చేసేది తనే కాబట్టి, తను మోతీనగర్‌లో కూర్చుంటే ఆరోజు ఫోన్ రాదు. సాయంత్రందాకా కూర్చుని వచ్చేయవచ్చు. ఆ తర్వాత ఆ నంబరు జోలికి వెళ్ళకుండా ఉంటే, అక్క వచ్చాక ఫోన్లు ఆగిపోయాయని భూలక్ష్మి అనుకుంటుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడు ఆవిడకు కాస్త ఊరట కూడా కలిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, అన్నిటికంటే ఆ ఊరటే ఆవిడను సిగ్గుతో కుంగదీసింది.

ఆ శనివారం భర్తను ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఆఫీసులో సెలవు అడిగి మోతీనగర్ వెళ్ళింది. ఒక గది, ముందు రేకుల వసారా. జంగయ్య కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఆవిడను చూసి లేవబోతే భూలక్ష్మి వద్దంది.

"మీ గురించి రోజు చెప్తదమ్మా" అన్నాడతను. "మా తోటి మీకు తక్లీఫ్ అయింది."

భూలక్ష్మి వంకాయ కూర చేసింది, పప్పు చేసింది, ఎక్కడినుంచి తెచ్చిందో పెరుగు వేసింది. తను తర్వాత తింటానని ఎదురుగా కూర్చుని వడ్డించింది. మంజులత తింది. తినకపోతే బాధపడుతుందని రెండోసారి కూడా వడ్డించుకుంది.

ఆ తర్వాత ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. అనసూయమ్మ పెద్ద బొట్టు పెట్టుకున్న లావుపాటి మనిషి. విషయం భూలక్ష్మి ముందే చెప్పినట్టుంది. మంజులతకు స్టూలు వేసింది. "సినిమాలల్ల మాట్లాడుతరంట గదా. జర గట్టిగనే అడుగమ్మా ఆమెను. గీ పోరి ఏడ్వని శనివారం లేదు" అంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు సామాను కొని కూడా వెళ్ళకుండా నిలబడ్డారు. ఫోన్ బిస్కట్ల సీసాల పక్కన ఉంది. అది మోగదని ఆ దుకాణంలో తెలిసింది మంజులత ఒక్కదానికే. ఎదురుచూస్తున్నట్టు దానివైపు చూస్తూ కూర్చుంది.

చాలాసేపు గడిచింది. "అక్క వచ్చిందని ఎరుకైనట్టున్నది, భయపడ్డది" అని భూలక్ష్మి నవ్వింది. ఆ నవ్వు చూసి మంజులత కూడా నవ్వింది.

అప్పుడు ఫోన్ మోగింది.

అనసూయమ్మ ఎత్తింది. "ఆఁ, ఉన్నది. ఇస్తున్న" అని రిసీవరు మంజులత చేతిలో పెట్టింది.

"భూలక్ష్మిగారా? భోజనం అయిందా అండీ?"

పుష్పవల్లి. మంజులత సెలవు పెడితే ఆవిడ పని ఆ అమ్మాయికి అప్పగిస్తారనే సంగతి ఆవిడకు తట్టనే లేదు. అదే కింది శ్రుతి, అదే నిదానం. అండీ దగ్గర మాట కొంచెం సాగదీయడం కూడా తను నేర్పినట్టే ఉంది.

"అయిందనుకుంటాను. మంచిది. మా డబ్బుతో భోంచేసినవాళ్ళు మాకూ ఒక మాట చెప్పాలి కదండీ."

మంజులత మాట్లాడలేకపోయింది. నోరు నిజంగానే ఎండిపోయింది. భూలక్ష్మి ముందుకు వంగి, అడుగక్కా, అడుగు అన్నట్టు చేత్తో సైగ చేస్తోంది. అవతల పుష్పవల్లి ఆపలేదు. అవతలివాళ్ళు ఊరుకుంటే ఆపకూడదని నేర్చుకున్న పిల్ల.

"అక్కడ దుకాణంలో ఎవరెవరు ఉన్నారు? వాళ్ళకు కూడా వినబడేలా చెప్పమంటారా?"

"పుష్పా, నేను" అంది మంజులత. "ఫోన్ పెట్టెయ్."

పుష్పవల్లి, "అక్కా? మీరు అక్కడున్నారేంటి?" అని, గొంతు తగ్గించి, "మీరు చెప్పినట్టే మాట్లాడానక్కా. ఏమైనా తప్పు పోయిందా?" అంది.

"తప్పేం లేదు. పెట్టెయ్."

రిసీవరు పెట్టేసి తల ఎత్తేసరికి అందరూ తననే చూస్తున్నారు.

"ఆ పిల్ల నీకు ఎరుకనా అక్కా?" అంది భూలక్ష్మి. ముఖంలో అనుమానం లేదు. ఇంకా ఆశే ఉంది. "ఎరుకైన పిల్లయితె మంచిదే ఆయె" అని అనసూయమ్మ కూడా అంది. అవును, స్టూడియోలో చూశాను, మళ్ళీ చేయవద్దని చెప్పాను అంటే సరిపోయేది. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ పిల్లకు ఆ మాటలు నేర్పింది నేనే" అంది. "ఇన్నాళ్ళూ నీతో మాట్లాడింది కూడా నేనే భూలక్ష్మీ. ఆ ఆఫీసులో పనిచేస్తున్నాను."

భూలక్ష్మి నమ్మలేదు. "నువ్వు గాదు. ఆమె గొంతు వేరే" అంది.

మంజులత తల దించుకుంది.

"ఏదీ, గా గొంతుతోని ఒక్క మాట అను" అంది భూలక్ష్మి మెల్లగా.

"వద్దు."

"అనక్కా. నేను వినాలె."

మంజులత కళ్ళు మూసుకుని, కిందికి దించిన గొంతుతో, భోజనం అయిందా అండీ అని అడిగింది. భూలక్ష్మి ఒక అడుగు వెనక్కి వేసింది. బియ్యం బస్తాకు ఆనుకుని నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. అప్పటిదాకా కదలని ఆడవాళ్ళు ఒక్కొక్కరే సంచులు తీసుకుని వెళ్ళిపోయారు. అనసూయమ్మ స్టూలు లోపలికి లాగేసి, "ఇగ పోయిరా అమ్మా. బస్సులు దొరుకుతయి" అంది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

మంజులత బస్‌స్టాప్‌దాకా నడిచి, బస్సెక్కకుండా, ఎర్రగడ్డ వైపు అలా నడుస్తూ పోయింది. దారిలో ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారేమోనని తల ఎత్తలేదు. ఇంటికి వెళ్ళాక సుబ్బరామయ్యకు అంతా చెప్పింది. ఆయన విని, "నా మందుల కోసమే కదా" అన్నాడు. ఆ మాట ఆవిడకు ఏ ఓదార్పూ ఇవ్వలేదు. మందులు కావాలంటే మిగతావాళ్ళకు చేసిన ఫోన్లు చాలు. భూలక్ష్మి గొంతు గుర్తుపట్టాక కూడా చేయడం మందుల కోసం కాదు. వెనక యజమాని ఉన్నాడనీ, పక్కన పిల్ల వింటోందనీ చేసింది. తన పని తీరు వాళ్ళకు చూపించుకోవాలని చేసింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి మానేస్తున్నానని చెప్పింది. జంగయ్య బాకీ వదిలేయమని అడిగింది. అచ్యుతరామయ్య ఆవిడకు కాఫీ తెప్పించాడు.

"మీరు మనసు కష్టపెట్టుకుంటున్నారండీ. అప్పు అప్పే కదా. నేనొక్కడికి వదిలేస్తే రేపు అందరూ వస్తారు."

"ఆ ఆటో ఎంతకు అమ్మారు?"

"అది మీ సెక్షన్ కాదు కదండీ" అన్నాడాయన నవ్వుతూ.

వచ్చేటప్పుడు మెట్ల దగ్గర పుష్పవల్లిని ఆపి, మోతీనగర్‌కు మాత్రం చేయవద్దమ్మా అని బతిమాలింది. ఆ అమ్మాయి కళ్ళు దించుకుని, "నాకు జీతం కావాలక్కా" అంది. మంజులత నేర్పిన వాటిలో మానేయడమనేది లేదు.

ఫోన్లు ఇంకొన్నాళ్ళు వచ్చాయట. తర్వాత అనసూయమ్మే, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరు, ఇల్లు ఖాళీ చేసి పోయిండ్రు అని చెప్పడం మొదలుపెట్టిందట. ఈ సంగతులు మంజులతకు గ్రూపులోని వేరే ఆడవాళ్ళ ద్వారా తెలిశాయి. భూలక్ష్మి థియేటర్‌కు రావడం మానేసింది. ఒకసారి జంగయ్యకు కాలు ఎలా ఉందో కనుక్కుందామని మంజులత పళ్ళు కొనుక్కుని మోతీనగర్ సందుదాకా వెళ్ళింది. దుకాణం కనబడగానే వెనక్కి తిరిగింది. ఆ పళ్ళు సుబ్బరామయ్య తిన్నాడు.

తొంభై ఎనిమిదిలో ఆ ఫైనాన్స్ కంపెనీ రాత్రికి రాత్రి బోర్డు పీకేసింది. అందులో డబ్బు దాచుకున్నవాళ్ళు తాళం వేసిన తలుపు ముందు గుమిగూడారు. అచ్యుతరామయ్య ఎక్కడికి వెళ్ళాడో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పు ఉన్నవాళ్ళను అడిగేవాళ్ళు లేకపోయారు. పుష్పవల్లికి ఆఖరి నెలల జీతం రాలేదని మంజులత విన్నది.

అప్పటికి టీవీ సీరియళ్ళు జోరుగా వస్తున్నాయి. వాటిలో అత్తగార్లకు కొదవ లేదు. మంజులతకు మళ్ళీ పని దొరికింది. ఒక సీరియల్‌లో చావింటి సీనుకు గ్రూపును పిలిచినప్పుడు భూలక్ష్మి వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది. మంజులతను చూసి, నమస్తే మేడమ్ అంది. మంజులత తల ఊపింది. మైకు ఒక్కటే. నలుగురు ఆడవాళ్ళు దగ్గరగా నిలబడాలి. భూలక్ష్మి ఆ చివర నిలబడింది. సౌండ్ ఇంజనీరు అద్దంలోంచి, ఆ చివరావిడ ఇంకొంచెం దగ్గరికి రావాలి అన్నాడు. భూలక్ష్మి వచ్చి పక్కన నిలబడింది. భుజాలు తగిలాయి. రికార్డింగ్ లైటు వెలిగింది. ఇద్దరూ ఏడ్చారు. భూలక్ష్మి గొంతు నొప్పి పుట్టకుండా, కడుపులోంచి, ఎంతో బాగా ఏడ్చింది.

పని అయ్యాక మంజులత ఆమె వెనకే మెట్లు దిగింది.

"జంగయ్యగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"నడుస్తుండు. జర కుంటుతడు గని పనికి పోతుండు."

"నేను ఆరోజు..." అని మంజులత మొదలుపెట్టింది.

"మా బస్సు వస్తది మేడమ్" అంది భూలక్ష్మి. మర్యాదగానే అంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని రోడ్డు దాటింది. మంజులత మెట్ల మీద నిలబడి, ఆమె బస్సు ఎక్కేదాకా చూసి, తర్వాతి సీను చెప్పడానికి మళ్ళీ లోపలికి వెళ్ళింది.